నిలబడి తిన్న అన్నం

ఆసుపత్రి రెండో అంతస్తు, వరండా బెంచీ

పిన్నికి,

నిన్న మనకు జరిగింది అన్యాయం. చేసింది ఆ గాజు తలుపుల గదిలో కూర్చున్న డాక్టరమ్మ. ముందు ఈ మాట కాగితం మీద పెట్టాక మిగతాది రాస్తాను. 

అక్కకి కిడ్నీ ఇస్తానని చెల్లెలు తనంతట తాను వచ్చింది. రక్తం కలిసిందన్నది వాళ్ళే. అన్నీ సరిపోయాయన్నది వాళ్ళే. చివరికి నిన్ను ఆ తూకం మిషన్ ఎక్కించి, "ఎనిమిది కిలోలు తగ్గి రండమ్మా. తగ్గాక కొన్నాళ్ళు అదే బరువులో ఉండాలి, అప్పుడు చూద్దాం" అంటుందా? నువ్వేమో తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా "సరేనండి, సరేనండి" అంటూ చెప్పులు తొడుక్కున్నావు. బస్సెక్కావు. కిటికీ పక్కన కూర్చుని, పొట్ట కనబడకుండా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నావు. నేను చూశాను పిన్నీ. నాకు కళ్ళు మండాయి.

నేను ప్రెస్సులో కాగితాల అంచులు కత్తిరించే వాడినే కావచ్చు. కానీ కత్తిరించే ప్రతి కరపత్రాన్నీ చదివాకే కత్తి దించుతాను. వాటిలో ఒక మాట నాకు కంఠతా వచ్చు: కష్టపడేవాడి ఒంటిని ముందు వాడుకుంటారు, తర్వాత ఆ ఒంటినే తప్పుపడతారు. ఇరవై ఏళ్ళు లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టి అమ్మని వాడుకున్నారు. ఆ ఇరవై ఏళ్ళలో రక్తపోటు ఉందో, షుగరు ఉందో చూసిన వాడు లేడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఈ డయాలసిస్ మిషన్‌కి కడుతున్నారు. నువ్వు వచ్చి విడిపిస్తానంటే లావుగా ఉన్నావట!

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మాది ఒకటే గది. నేను దగ్గినా అమ్మకి వినిపిస్తుంది. అందుకే అమ్మ మిషన్ మీద ఉండగా ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఊఁ అను, ఆ గాజు తలుపు మీద అతికించడానికి కాగితం తయారు చేస్తాను.

కింద ఖాళీలో అమ్మ కూడా రాస్తుందట. పై భాగం మడిచి ఇస్తున్నాను.

చెల్లీ, వీడు కాగితం మడిచాడు గానీ వెలుగుకి పెడితే అంతా కనిపిస్తోంది. డాక్టరమ్మ మంచిదే. నీకు కుదిరితేనే చూడు. లేకపోతే ఇలాగే గడుస్తుంది. - అక్క


క్యాంటీన్ వెనక మెట్లు

ఒరేయ్ కరపత్రం,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. "వీడు మంచినీళ్ళు అడిగినా మైకు పట్టుకునే అడుగుతాడు" అన్నాడు. గాజు తలుపు మీద ఏమైనా అతికించావో, నేను అక్కడికి వచ్చి నీ వీపు మీద అతికిస్తాను.

డాక్టరమ్మ తప్పేం లేదురా. నన్ను పక్కకి పిలిచి విడిగా కూడా చెప్పింది. ఈ లావు మీద కోస్తే గాయం మానడం కష్టమట. ఒకటి ఇచ్చేశాక మిగిలిన ఒక్క కిడ్నీయే జీవితాంతం ఇంత ఒంటికీ చాకిరీ చేయాలట. నాకు నలభై తొమ్మిదేగా, ఇంకా చాలా ఏళ్ళు బతకాలిగా అంది. నా గురించి అలా అన్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. కాకపోతే ఆ మిషన్ మీద నిలబడ్డప్పుడు ముల్లు అలా జరుగుతూ, జరుగుతూ పోతుంటే నువ్వు గోడ వైపు తిరిగావు చూడు, అది మాత్రం మర్చిపోను.

ఆపరేషన్ వాళ్ళందరినీ చూసుకునే సిస్టరు ఒక కాగితం ఇచ్చింది. వారానికి అరకిలో తగ్గితే చాలట, అంతకంటే వద్దట. అరకిలో! ఆ లెక్కన నాలుగు నెలలు. అంతదాకా అక్క ఆ సూదులు పొడిపించుకుంటూ ఉండాలా? నేను రోజూ దించే గంగాళం మూత కూడా ఎనిమిది కిలోలకి తక్కువుండదు. నెలలో తీసి అవతల పెడతాను. ఎలాగని అడక్కు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎనిమిది వందల మందికి వండి వార్చేదాన్ని, తిండి గురించి నాకొకరు పాఠం చెప్పాలా?

అక్కా, నువ్వు వెలుగుకి పెట్టి చూస్తావని తెలుసు కాబట్టి నీకూ ఇక్కడే రాస్తున్నా: నోరు మూసుకుని మందులు వేసుకో.

మీ పిన్ని


ప్రెస్సు, కత్తిరింపు గది

పిన్నీ,

పదిహేను రోజుల్లో నాలుగు కిలోలా! నీ ఫోన్ రాగానే మిషన్ ఆపేసి మా ఫోర్‌మన్‌కి చెప్పాను. "మీ పిన్నికి నా తరఫున కూడా ఒక కిలో తగ్గమను" అన్నాడు, పొట్ట నిమురుకుంటూ.

మనిషి తల్చుకుంటే ఏ గోడైనా కూలుతుందని నేను చదివింది నువ్వు చేసి చూపించావు. ఉత్సాహం ఆగక ఆ సిస్టరు దగ్గరికి వెళ్ళి ఆవిడ మొహం మీదే చెప్పాను: "నాలుగు నెలలన్నారుగా, మా పిన్ని నెలలో వస్తుంది చూడండి." ఆవిడ సంతోషిస్తుందనుకున్నావా? కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏం తింటున్నారు ఆవిడ?" అంది. తెలియదన్నాను. "ఏమైనా తింటున్నారా?" అంది. అదీ తెలియదన్నాను. "ఈ వారంలోనే రమ్మను. రక్తం, మూత్రం చూడాలి. నిదానంగా అని రాసి మరీ ఇచ్చానుగా" అని గొణుక్కుంటూ పోయింది. ఆవిడకి నిదానం సిస్టర్ అని పేరు పెట్టేశాను. వీళ్ళకి ఎంతసేపూ నిదానమే. మంట అంటుకున్న ఇంట్లోంచి కూడా మెట్లు చూసుకుంటూ దిగమంటారు.

గురువారం రా. నేను బస్టాండులో ఉంటాను.

చెల్లీ, నిజం చెప్పు. తింటున్నావా? చిన్నప్పుడు కూడా నీకు కోపం వచ్చినా, భయం వేసినా ముందు అన్నం మానేసేదానివి. - అక్క


ఇల్లు, వంటగది

నాన్నా,

గురువారం నువ్వు బస్టాండులో నన్ను చూసి "సన్నబడ్డావు" అని ఎగిరావు. తిరిగి వెళ్ళేటప్పుడు నీ మొహం చూడలేకపోయాను. అక్కతో నువ్వేం చెప్పావో తెలియదు. నేను చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను, చదివి వినిపించు.

తినలేదు. పొద్దున ఒక గ్లాసు పాలు, సాయంత్రం ఒక పండు. నీళ్ళు తాగినా ముల్లు పెరుగుతుందేమోనని నీళ్ళు కూడా తగ్గించాను. ఆ కొలిమిలాంటి పొయ్యి ముందు నిలబడి. క్యాంటీన్‌లో రుచి చూడటం కూడా మానేశాను. మాకు అలవాటు, ప్రతి గంగాళం దించేముందు గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాకి చూడాలి. అలా రోజు మొత్తంలో ఒక భోజనమంత లోపలికి పోతుందిరా, మనం తిన్నట్టే ఉండదు. అది మానేశాను. పోయిన సోమవారం ఎనిమిది వందల మందికి ఉప్పు లేని కూర వెళ్ళింది. అవును, ఒక్క రవ్వ కూడా లేదు! మొదటి వరసలో కూర్చున్న వెల్డర్లు పళ్ళేలు తిరగేసి మద్దెల వాయించారు. కాంట్రాక్టరు వచ్చి "నాలుక అమ్మేసుకున్నావా?" అని అందరి ముందూ అరిచాడు. ఇంకో రోజైతే నేనూ నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు గోడ పట్టుకుని నిలబడ్డాను, అంతే. కళ్ళు తిరిగాయి. మా పెద్దగరిటె ఉంది చూడు, మా అందరిపైనా వంటమనిషి, ఆవిడే నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టింది. "చచ్చి ఇస్తావా కిడ్నీ?" అంది.

నిదానం సిస్టరూ దాదాపు అదే అంది. నన్ను లోపలికి పిలిచిందిగా, తలుపు వేసి రిపోర్టు చూపించింది. ఒంట్లో నీళ్ళు లేవట. ఆకలికి ఒళ్ళు తనని తానే తింటోందట. కిడ్నీ మీద ఆ ఒత్తిడి కనిపిస్తోందట. "అమ్మా, మీ అక్కకి ఇవ్వడానికి తెచ్చినదాన్నే ఎండగడుతున్నారు" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఒళ్ళు కుదుటపడేదాకా ఏ పరీక్షలూ ఉండవు. అంటే పదిహేను రోజులు సంపాదించానని నేను అనుకుంటే, నెలన్నర పోగొట్టాను.

తర్వాత కుర్చీ లాక్కుని నా రోజంతా అడిగింది. పొద్దున ఎన్నింటికి లేస్తారు, మొదటి ముద్ద ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తింటారు. "కూర్చునా?" అన్నాను. నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆ క్యాంటీన్‌లో మేము నిలబడే తింటాం. వడ్డన అయ్యేదాకా వంటవాళ్ళు తినకూడదు. మాకు విడిగా భోజనం లేదు, మిగిలిందే భోజనం. ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు, గేటు దగ్గర సంచులు వెతుకుతారు. మూడు దాటాక, తొట్టి దగ్గర, గంగాళాలు తోమబోయేముందు, అడుగున ఉన్నది గీకి తింటాం. పొద్దున అయిదు నుంచి ఖాళీ కడుపు, అప్పుడు ఒక్కసారిగా ఇద్దరు మనుషుల తిండి. పారేయడానికి చేతులు రావు. వండిన చేతులు కదరా.

ఆవిడ రాసుకోవడం ఆపేసి నా వైపు చూసింది. "మీరు తిండి తగ్గించాల్సిన మనిషి కాదు. తిండి తినాల్సిన మనిషి" అంది.

అది విన్నాక ఏడ్చాను. నువ్వు బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నావు అప్పుడు.

అక్కకి కోపం వచ్చిందా?

పిన్ని


ఆసుపత్రి వరండా

పిన్నీ,

అమ్మకి కోపం రాలేదు. ఉత్తరం విని చాలాసేపు నవ్వింది, వెల్డర్లు మద్దెల వాయించిన దగ్గర. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

కోపం నాకు వచ్చింది. నేను తప్పు తలుపు ముందు నిలబడి అరిచాను ఇన్నాళ్ళూ! గాజు తలుపుది కాదు నేరం. ఎనిమిది వందల మందికి అన్నం పెట్టే ఆడవాళ్ళకి ఒక బల్ల, అరగంట, వేడి అన్నం లేకుండా చేసిన కాంట్రాక్టరుది. మిగిలినదాన్ని మీ పొట్టల్లో పారబోసి, పారేసే ఖర్చు కూడా మిగుల్చుకుంటున్నాడు. మీరు అతని చెత్తకుండీలా? నీ ఒంటి మీద ఉన్న ఆ ఎనిమిది కిలోలూ నీవి కావు పిన్నీ, వాడివి! ఇది నేను అచ్చు వేయిస్తాను. శీర్షిక కూడా పెట్టేశాను. "శ్రామిక మహిళలారా, నిప్పు కణికలై" అని మొదలవుతుంది. రెండు పేజీలు అయింది.

అమ్మ విని "నిప్పు కణికలు పొయ్యి దగ్గర వాళ్ళకి కొత్తేం కాదు, ఇంకేదైనా రాయి" అంది.

అమ్మ బాగానే ఉంది.

నువ్వు నిదానంగానే వెళ్ళు. నేనే ఈ మాట రాస్తున్నానని నిదానం సిస్టర్‌కి చెప్పకు.

చెల్లీ, తిను. నేను ఆగుతాను. - అక్క


ఉల్లిపాయల గది

ఒరేయ్ కరపత్రం,

ఈ గదిలోంచి ఎందుకు రాస్తున్నానో చెబితే నువ్వు నవ్వుతావు. పదకొండు గంటలకి ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తింటున్నాను. సగం డబ్బా కూరలు, పావు పప్పో గుడ్డో, పావు అన్నం. తలుపు దగ్గర పెద్దగరిటె కాపలా. "లోపల ఎవరు?" అని ఎవరైనా అడిగితే "ఉల్లిపాయలు" అంటుంది. మొదటి రోజు తలుపు వైపే చూస్తూ తిన్నాను. కూర్చుని తింటుంటే ఎవరో తిడతారేమో అనిపించింది, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

రుచి చూడటం వంతులు వేసుకున్నాం. ఒక్కో గంగాళం ఒక్కొక్కరికి. చిన్న చెంచాతో. ఉప్పు ఇప్పుడు బాగానే పడుతోంది. వెల్డర్లు మళ్ళీ మంచివాళ్ళయ్యారు. మూడింటికి తొట్టి దగ్గర అందరూ గీకుతుంటే నేను వెళ్ళి బయట మెట్ల మీద నిలబడతాను. అది మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. కడుపుకి కాదు, చేతులకి.

బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడుస్తున్నాను. మీ బాబాయి కూడా తోడొస్తున్నాడు. నాకంటే పది అడుగులు వెనక, ఆయాసపడుతూ, "ఏమిటే, రైలు తప్పిపోతోందా?" అంటూ. రాత్రి తొమ్మిదికే దీపం ఆర్పేస్తున్నాం. సిస్టరు వారానికి ఒక్కసారే తూకం చూసుకోమంది. ఒక వారం అరకిలో. ఒక వారం పావు. పోయిన రెండు వారాలూ అసలు కదల్లేదు. ఫోన్ చేసి ఏడ్చాను. "ఒళ్ళు ఆలోచించుకుంటోంది, మీరు తొందరపెట్టకండి" అంది. ఈ వారం మళ్ళీ కదిలింది. ఆలోచన తెగినట్టుంది.

నిన్న కాంట్రాక్టరుకి దొరికిపోయాను. తలుపు తీస్తే నోట్లో ముద్దతో బస్తా మీద నేను. లేచి నిలబడ్డాను, అలవాటు ప్రకారం. అక్క సంగతి, ఆపరేషన్ సంగతి చెప్పాను. నా డబ్బాలోకి తొంగి చూసి, "సరే, ఆపరేషన్ అయ్యేదాకా కానీ. మిగతావాళ్ళు నేర్చుకోకూడదు" అన్నాడు. దయేనంటావా? నువ్వు కాదంటావు. నాకు మాత్రం ఆ పూట చాలనిపించింది. నీ రెండు పేజీలూ నీ దగ్గరే ఉంచు.

ఒక్క మాట అడుగుతాను. "నేను ఆగుతాను" అని రాశాక వచ్చిన రెండు ఉత్తరాల్లోనూ కింద అక్క రాయలేదు. ఫోన్‌లో కూడా "బాగున్నాను, నువ్వు తిన్నావా" అని పెట్టేస్తోంది. ఏమిట్రా?

పిన్ని


ఆసుపత్రి వరండా

పిన్నికి,

అమ్మ నిద్రపోతోంది. అందుకే రాయలేదు. చలిగా ఉంటోందని రెండు దుప్పట్లు కప్పుతున్నాం. మిషన్‌కి కలిపే ట్యూబు మార్చారు. మామూలేనట.

నువ్వు ఎంత తగ్గావని అడుగుతూ ఉంటుంది. ఏడు దాటిందని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నీ డబ్బాలో ఏముంటుందో రోజూ నాతో చెప్పించుకుంటుంది. తెలియని రోజు నేనే కల్పించి చెబుతున్నాను. నిన్న చిక్కుడుకాయలు అన్నాను.

ఇంతకంటే విశేషాలు లేవు. నడకలో జాగ్రత్త. చీకటి పడకముందే ఇంటికి చేరు.

నీ కొడుకు


ఇల్లు, వంటగది

అక్కా,

ఈసారి నీకే. వాడిని చదవనివ్వకు. చదివితే ముందు మీటింగు పెడతాడు.

అయింది! ఎనిమిది. ఎనిమిదిన్నర అనుకో. మూడు వారాలు అక్కడే నిలిచేదాకా చెప్పకుండా ఆగాను. చెప్పులు విప్పి ఎక్కాను, మళ్ళీ దిగి ఎక్కాను. మూడోసారి మీ మరిది నన్ను పక్కకి జరిపి తను ఎక్కాడు, మిషన్ పాడైందేమోనని. మిషన్ బాగానే ఉంది, ఆయనే బాలేడు.

నిదానం సిస్టర్ పొద్దున ఫోన్ చేసింది. రిపోర్టులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయట. షుగరు వచ్చేలా ఉందని మొదట్లో చెప్పలేదట, భయపడతానని. అది కూడా వెనక్కి పోయిందట. ఈ బరువులో మూడు వారాలు కదలకుండా ఉన్నాను కాబట్టి డాక్టరమ్మ సరేనందట. వచ్చే నెల మొదటి వారం. తారీకు రేపు చెబుతారు.

అక్కా, నాకు భయం లేదు. అద్దంలో చూసుకుంటే మరీ మారిపోయిందేమీ లేదు. బుగ్గలు అవే. నడుము దగ్గర బట్టలు కాస్త వదులు, అంతే. ఎవరూ గుర్తుపట్టరు. కానీ మెట్లు ఎక్కేటప్పుడు ఆగడం లేదు. రాత్రి మోకాళ్ళు పీకడం లేదు. ఇంత చిన్న మార్పుకి ఇన్నాళ్ళు పట్టిందే అని సిగ్గేస్తుంది. అయినా పట్టనీ. నీకు ఇచ్చేది మంచిది ఇవ్వాలిగా.

ఆపరేషన్ అయ్యాక ఇద్దరం పక్కపక్క మంచాల మీద ఉంటాం. నువ్వు గురక పెడితే లేపుతాను. ఇప్పటి నుంచే చెబుతున్నాను.

నీ చెల్లి


మా గది

పిన్నీ,

నువ్వు నిన్న బస్సెక్కావు. ఎక్కేముందు ఒకటే అడిగావు: "ముందే ఎందుకు చెప్పలేదురా?" నేను నీ బ్యాగు పైన పెడుతున్నట్టు నటించాను. ఇప్పుడు చెబుతాను.

ట్యూబు దగ్గర చీము పట్టింది. అది రక్తంలోకి వెళ్ళింది. నెల రోజుల నుంచి జ్వరం వస్తూ పోతూ ఉంది. మందులు మారుస్తున్నారు, తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది. తగ్గుతుందనే అన్నారు, చివరి రెండు రోజుల దాకా. "చెల్లికి చెప్పావంటే అది మళ్ళీ అన్నం మానేస్తుంది" అని అమ్మ నా చేత ఒట్టేయించుకుంది. అమ్మ ఒట్టేయించుకోకపోయినా నేను చెప్పేవాడిని కాదేమో. నువ్వు గోడ పట్టుకుని నిలబడ్డ రోజు నాకు కనిపిస్తూనే ఉంది. నువ్వు తొందరపడకూడదు, అమ్మేమో ఆగలేకపోతోంది. మధ్యలో నేను. నాకు అరవడం తప్ప ఏం చేతనవును? ఆ నెలంతా అరవలేదు. అదొక్కటే నేను చేసింది.

ఇంకో సంగతి. అమ్మని కాటికి సాగనంపి వచ్చిన మూడో రోజు, నువ్వు ఈ గదిలోనే, అమ్మ మంచం పక్కన నేల మీద నిద్రపోతున్నావు. పోస్టుమ్యాన్ వచ్చాడు. కవరు మీద అమ్మ పేరు, నీ రాత. తీసుకుని చొక్కాలో పెట్టుకున్నాను. నిన్ను లేపలేదు. మెట్ల మీద కూర్చుని చదివాను. వాడిని చదవనివ్వకు అని ఉంది. చదివాను పిన్నీ. గురక దగ్గర ఆగిపోయాను.

నువ్వు లేచి "ఎవరొచ్చారు?" అంటే "ఎవరూ రాలేదు" అన్నాను.

ఇప్పుడు నాకు ఎవరి మీద కేకలు వేయాలో తెలియడం లేదు. నీ కిడ్నీ మొదటి రోజే తీసుకుని ఉంటే అమ్మ ఉండేది. ఆ వాక్యం నా తలలో అచ్చవుతూనే ఉంది, మిషన్ ఆపేవాడు లేడు. గాజు తలుపుకి కాగితం రాశాను. ఈసారి నువ్వు వద్దన్నా అతికిస్తాను.


క్యాంటీన్ వెనక మెట్లు

నాన్నా,

అతికించకు.

నాకు కూడా ఆ వాక్యం వస్తుంది. రోజూ వస్తుంది. దాని వెనకే ఇంకోటి వస్తుంది: నేను ఆ పదిహేను రోజులు కడుపు మాడ్చుకోకుండా ఉంటే నెలన్నర ముందే అయ్యేది. ఏ వాక్యం ఎవరి తలుపుకి అతికిస్తావు? నిదానం సిస్టర్ నాకు ఫోన్ చేసి ఏడ్చిందిరా. పెద్దావిడ, ఎంతమందిని చూసి ఉంటుందో. "మీరు అన్నీ సరిగ్గా చేశారమ్మా" అంది. సరిగ్గా చేసినా అక్క పోయింది. నువ్వు చదివిన కాగితాల్లో దీనికి శీర్షిక లేదు.

పనిలోకి వచ్చిన మొదటి రోజు, మూడింటికి, తొట్టి దగ్గరికి వెళ్ళాను.  నిలబడి గంగాళం అడుగంతా తిన్నాను. కడుపు నిండాక కూడా తిన్నాను. ఇక ఎవరి కోసం, అనుకున్నాను. మర్నాడు కూడా తిన్నాను. వారం అలాగే గడిచింది. కిలోన్నర వచ్చి కూర్చుంది. తెచ్చుకోవడానికి ఒక్క వారం చాలు, చూశావా.

ఎనిమిదో రోజు పదకొండింటికి పెద్దగరిటె ఒక డబ్బా తీసుకుని ఉల్లిపాయల గదిలోకి నడిచింది. నేను తెచ్చుకోలేదు, ఆవిడే వండుకొచ్చింది. "కూర్చో" అంది. నేను కూర్చోలేదు. ఆవిడ కూర్చుంది. "నాకు నిరుడు నుంచి షుగరు. ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకీ ఇలాగే మొదలైందన్నావుగా" అంది. ఇద్దరం తిన్నాం. సగంలో ఉండగా కాంట్రాక్టరు తలుపు తీశాడు. ఏమన్నాడో తెలుసా?

"మీ అక్క పోయిందిగా. ఇంకా ఎందుకమ్మా ఈ భోజనాలు?"

తిట్టలేదురా. మామూలుగా అడిగాడు, దీపం అవసరం లేదుగా ఆర్పేయనా అన్నట్టు. ఆ క్షణంలో నాకు తెలిసింది. నేనూ వారం రోజులుగా నన్ను నేను అదే అడుగుతున్నాను. వాడి నోట్లోంచి వింటే తెలిసింది అది ఎంత పాపపు మాటో. అక్కకి ఇవ్వడం కోసమైతే నా ఒంటికి కూర్చుని తినే హక్కు ఉంది. అక్క లేకపోతే లేదు. అంతేనా?

రేపటి నుంచి ఈ గదికి తాళం అన్నాడు. పెద్దగరిటె తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. "సరుకు నా బాధ్యత" అంది. అది ఇంకా అక్కడే ఉంది.

అందరం కలిసి ఆ గదిలో కూర్చుని తిందామంటే మా పద్నాలుగు మందిలో తొమ్మిది మంది వస్తామన్నారు. మిగతావాళ్ళకి భయం. నేను మాట్లాడితే ఏడుపొస్తోంది, సగంలో ఆగిపోతున్నాను. నువ్వు రాయి. నిప్పు కణికలు వద్దు. మీ అమ్మ నవ్వుతుంది. ఒక్క పేజీ, చదివి వినిపించడానికి వీలుగా.

పిన్ని


ప్రెస్సు, కత్తిరింపు గది

క్యాంటీన్‌లో వండే అమ్మలకి, అక్కలకి,

నేను మీలో ఒకరి అక్క కొడుకుని. మీరు నన్ను చూడలేదు. మీ గురించి మాత్రం ఉత్తరాల్లో చాలా చదివాను. ఎవరి వంతు గంగాళంలో ఉప్పు కాస్త ఎక్కువ పడుతుందో కూడా తెలుసు. పేరు చెప్పను.

మా అమ్మ ఇరవై ఏళ్ళు నిలబడి పని చేసింది, నిలబడి తిన్నది. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. మా పిన్ని తన వాటిలో ఒకటి ఇవ్వడానికి ఎనిమిది కిలోలు తగ్గింది. మందు లేదు, మాయ లేదు. పదకొండు గంటలకి కూర్చుని ఒక పళ్ళెం అన్నం తిన్నది, కాస్త నడిచింది, వేళకి పడుకుంది. అంతకు మించి ఏం లేదు. ఆ మాత్రం దానికి కూడా ఆమె బస్తాల వెనక దాక్కోవాల్సి వచ్చింది.

మా అమ్మ ఆగలేకపోయింది. ఆమె పోయాక మీ కాంట్రాక్టరు అడిగాడు, ఇంకా ఎందుకీ భోజనాలు అని. జవాబు నేను గట్టిగా రాయగలను. నాలుగుసార్లు రాసి చించేశాను. ప్రతిసారీ అతన్ని తిట్టడం అవుతోంది గానీ మీకు చెప్పడం అవడం లేదు. మీకు చెప్పాల్సింది ఇంతే: మీ ఒళ్ళు ఇంకొకరికి ఇవ్వడానికి దాచుకున్న వస్తువు కాదు. మిగిలింది పారబోయడానికి పెట్టుకున్న తొట్టి కాదు. మీకు ఆకలేస్తుంది. అందుకు తినాలి. అలిసిపోతారు. అందుకు కూర్చోవాలి.

వడ్డన పన్నెండింటికి. ఒక్క నిమిషం ఆలస్యం కాదు, ఏ బల్ల మీదా అన్నం చల్లారదు. ముందు మీరు తింటారు, తర్వాత పెడతారు.

భయం ఉన్నవాళ్ళూ రండి. భయంతోనే కూర్చోవచ్చు. పిన్ని ఏడిస్తే కంగారు పడకండి, ఏడుస్తూ కూడా తినగలదు. నేను ఆ రోజు సెలవు పెట్టాను, గేటు బయట ఉంటాను. అరవనని పిన్నికి మాటిచ్చాను.

ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకోండి. సోమవారం, ఉదయం పదకొండు గంటలకి, ఉల్లిపాయల గదిలో.